వెనక్కి తీసుకున్న సాక్ష్యం

దోహాలోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నయమైనవాళ్ళు ఇక్కడి సెలవురోజైన శుక్రవారం ఆరాధనలో ముందుకొచ్చి, మైకు పట్టుకుని, ఏం జరిగిందో, దేవుడు ఎలా బాగుచేశాడో అందరికీ చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటాం. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, ఆ తర్వాత బిరియానీ పొట్లాలు పంచుతారు. ఏడాది కిందట ఒక నవంబరు శుక్రవారం నేను కూడా సాక్ష్యం చెప్పాను. బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు. అందులో ఒక్క ముక్క నిజం లేదు.

ఇప్పుడు జనవరి. నిద్ర పడుతోంది, తిన్నది ఒంటికి పడుతోంది, ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పగలుగుతున్నాను. గండం గడిచిందనుకోవచ్చు. ఇది రాయడం ఒకటి నన్ను నేను కూడదీసుకోవడానికి. రెండోది, నాలాంటి ఒంటితో పుట్టి, ఎందుకిలా ఉన్నానో తెలియక నోరు మూసుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ కోసం. ఓదార్పు కోసం చదివేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను, ఇందులో అది తక్కువే.

నా పేరు శాంత. ముప్పై అయిదేళ్ళు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. దోహాలో ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులు గీస్తాను. ఆడదాన్నయినా వీసా మీద డ్రాఫ్ట్స్‌మన్ అనే ఉంది. మా ఆయన జాన్‌ది గుడివాడ వైపు, ఏసీ పనుల సూపర్‌వైజర్. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లలు లేరు. దోహా బయట ఉమ్ సలాల్‌లో ఒక పెద్ద విల్లాను జిప్సం గోడలతో ముక్కలు చేసి అద్దెకిచ్చారు, అందులో ఒక ముక్కలో ఉండేవాళ్ళం. పక్క ముక్కలో చెంచా కిందపడితే వినబడేది. ఆయనకు వినబడేది కాదు. నాకు వినబడేది.

మా పనిలో అతి పెద్ద తప్పు గీత వంకర పోవడం కాదు. సైటువాళ్ళు పాత డ్రాయింగ్ చూసి కట్టెయ్యడం. అందుకే కొత్త రివిజన్, అంటే మార్చి గీసిన డ్రాయింగ్, వచ్చినప్పుడల్లా పాతదాని మీద ఇక చెల్లదని ఎర్ర ముద్ర కొడతాం, కొత్తదాని మీద మారినచోట చుట్టూ మబ్బులాగా గీత గీస్తాం. ఈ పని నాకు బాగా వచ్చు. మనుషుల మీద అలాంటి గీతలు ఉండవు, అదే నాకు చిక్కు.

ఇక అసలు సంగతి. ఎవరైనా నా ఒంటిని తేలిగ్గా, వేళ్ళ చివర్లతో తాకితే, కంద తరిగిన చేతిలాగా చాలాసేపు చురచురలాడుతుంది. ప్రేమగా నిమిరితే మరీ ఎక్కువ. గట్టిగా, అరచెయ్యి పూర్తిగా ఆనించి పట్టుకుంటే ఏమీ కాదు, పైగా హాయిగా ఉంటుంది. చెప్పకుండా వెనకనుంచి వచ్చి ముట్టుకుంటే అదిరిపడతాను. చిన్నప్పుడు చుట్టాలు బుగ్గ నిమిరితే ఏడిచేదాన్ని. అమ్మ తొడపాశం పెట్టి "కుదురుగా ఉండవే" అనేది. ఆ తొడపాశమే నయమనిపించేది.

మగాడంటే ఇష్టం లేక కాదు, కోరిక లేక కాదు. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే అందరూ మొదట అనుకునేది అదే. పెళ్ళయిన రెండో ఏడు మేమిద్దరం ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న అల్ రువైస్ వెళ్ళాం. అక్కడ సముద్రం చాలా దూరం వరకు మోకాళ్ళ లోతే. ఇంకా లోపలికి నడిచి మెడదాకా నీళ్ళలో నిలబడ్డాం. నీళ్ళు అన్ని వైపుల నుంచీ ఒకే బరువుతో ఒత్తుతున్నాయి. ఆయన నీళ్ళకింద నా చెయ్యి పట్టుకుంటే ఎక్కడా చురచుర లేదు. ఆయన నాకు కావాలనిపించింది. ఆ రోజు ఇంటికి వచ్చాక "గట్టిగా పట్టుకోండి" అని సిగ్గు విడిచి అడిగాను. మా ఏడేళ్ళ కాపురంలో మేమిద్దరం నిజంగా ఆనందంగా ఉన్నది ఆ ఒక్క రోజు. మర్నాడు ఆయన మళ్ళీ మామూలుగా మెడ నిమిరాడు, నేను మామూలుగా బిగుసుకుపోయాను. ఇద్దరికీ తేడా ఎక్కడుందో తెలియలేదు.

నవంబరు

"నేనంటే అసహ్యమా శాంతా? ఉంటే చెప్పేయ్, పోనీ నాకైనా తెలుస్తుంది" అన్నాడు ఒకరోజు. లేదన్నాను. మరి ఎందుకలా అంటే, తెలియదన్నాను. రెండూ నిజాలే. ఆయన మొహం చూస్తే రెండోదాన్ని నమ్మలేదని అర్థమైంది.

ఆ తర్వాత శుక్రవారం ఆయన పాస్టరుగారి భార్యకు మా గురించి ప్రార్థించమని మనవి చేశాడు. ఆవిడను మేమంతా అమ్మగారు అంటాం, మంచి మనిషి. వివరాలు చెప్పలేదట, "కాపురంలో ఇబ్బందిగా ఉందండి" అన్నాడట. అమ్మగారికి అంతే చాలు. ఆరాధన అయిపోగానే నన్ను లోపలి గదిలోకి పిలిచింది. అక్కడ అప్పటికే ఏడుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

"రామ్మా శాంతా, సిగ్గుపడకు తల్లీ. మనమంతా అక్కచెల్లెళ్ళమే. చేతులుంచి ప్రార్థన చేద్దాం."

నన్ను మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అందరూ చేతులు వేశారు. తల మీద, మెడ మీద, వీపు మీద, చేతుల మీద. పదహారు చేతులు. భక్తితో వేసిన చేతులు ఎప్పుడూ గట్టిగా ఉండవు, తేలిగ్గా వణుకుతూ ఉంటాయి. నూనె రాశారు. ఎనిమిది గొంతులు ఒకేసారి పైకి లేచాయి. లేచి పారిపోవాలని ఉంది, కానీ ప్రార్థనలో కదలకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పారు. కదలకుండా ఉండటానికి ఒళ్ళంతా బిగబట్టాను. కాసేపటికి ఒళ్ళు నా మాట వినడం మానేసింది. వణికిపోయాను. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. పక్కకి ఒరిగి పడిపోయాను.

వాళ్ళు నన్ను వదల్లేదు. ఇంకా గట్టిగా ప్రార్థించారు. "పరిశుద్ధాత్మ దిగొచ్చిందమ్మా, దిగొచ్చింది! విడుదల కలిగింది" అని అమ్మగారు ఏడ్చేసింది. మరో చోటైతే ఎవరైనా నీళ్ళు చల్లేవాళ్ళు, అంబులెన్సు పిలిచేవాళ్ళు. మా దగ్గర అలా పడిపోతే నయమైందని అర్థం.

బయట మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆ సంగతి విని ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ మొహం చూసి నేను కాదనలేకపోయాను. వారం తర్వాత మైకు పట్టుకుని, నాకు స్వస్థత కలిగిందని చెప్పాను. ఇదీ నేను చేసిన తప్పు.

డిసెంబరు మొదలు రంజాన్ దాకా

సాక్ష్యం చెప్పాక దాన్ని బతికి చూపించాలి కదా. చూపించాను. మూడు నెలలు మా ఆయన ఎప్పుడు దగ్గరికి వచ్చినా నవ్వాను. పళ్ళు బిగబట్టి, పైన ఏసీ జాలీలో అడ్డం గీతలు లెక్కపెట్టేదాన్ని. నలభై రెండు. ఆయన నన్ను ఎన్నడూ బలవంతం చెయ్యలేదు, ఈ మాట ఆయన పరువు కోసం కాదు, నిజం కాబట్టి రాస్తున్నాను. బలవంతం నాది. నన్ను నేను రోజూ మెడపట్టి తోసుకున్నాను.

మొదట తిండి పోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మెత్తదనం భరించలేక ఉమ్మేసేదాన్ని. తర్వాత నిద్ర పోయింది. పక్క గది చెంచాలు, గిన్నెలు, ఫోన్లు అన్నీ తలలోకి వచ్చేవి. స్నానాల గది తలుపు గడియపెట్టుకుని, తడి తువ్వాలు గట్టిగా చుట్టుకుని నేలమీద కూర్చునేదాన్ని. అత్తయ్యగారు ఫోన్ చేసి, "మంచిదమ్మా, దేవుడు చల్లగా చూశాడు. ఇంక మనవడి సంగతి చూడండి" అనేవారు. చచ్చిపోతే బాగుండునని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. ఎలా అన్నది కూడా అనుకున్నాను. అంతకంటే రాయను.

రంజాన్ నెలలో ఆఫీసు వేళలు తగ్గిస్తారు. అందరూ తొందరగా వెళ్ళిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. చేతులు కదులుతున్నాయి, లేవాలన్న మాట మాత్రం కాళ్ళదాకా వెళ్ళడం లేదు. కంపెనీ డ్రైవరు లింగన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు, మమ్మల్ని రోజూ ఇళ్ళకు దింపేవాడు.

"ఏమైంది మేడమ్, గట్ల కూసున్నరు? పానం బాగలేదా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. గొంతు బాగానే ఉంది, మాటే లేదు. ముప్పై అయిదేళ్ళు తెలిసిన తెలుగు ఎటు పోయిందో పోయింది.

ఇంకొకరైతే పట్టుకుని లేపేవాళ్ళు. లింగన్న రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. "ఏం గాదు మేడమ్. మాట రాకుంటే తలకాయ ఊపుండ్రి, గంతే. దవఖానకు పోదామా?"

ఊపాను. ఆయన నన్ను ముట్టుకోలేదు. నేను లేచేదాకా, గోడ పట్టుకుని నడిచేదాకా పక్కనే నడిచాడు. దారిలో రేడియో కట్టేశాడు. ఆయన ఉపవాసమున్నవాడు కాదు, అయినా దారంతా ఒక్క గుక్క నీళ్ళు తాగకుండా, మాట్లాడకుండా నడిపాడు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వెయిటింగ్ హాలు తెల్లగా మండుతున్నట్టుంది. టోకెన్ నంబర్లు అరబిక్‌లో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి పిలుస్తున్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. నేను దుపట్టా నెత్తిన కప్పుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను. లింగన్న ఫోన్ చేస్తే మా ఆయన సైటు నుంచి దుమ్ముతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళ వైపు రానివ్వలేదు. అద్దంలోంచి నన్ను చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికి రాలేకపోవడం ఆయనకు నరకం. రాకపోవడం నాకు ఊరట. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది, అందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బీపీ చూడటానికి ఒక మలయాళీ నర్సు వచ్చింది. చెయ్యికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అది బిగుసుకుంది, ఇంకా బిగుసుకుంది. మూడు నెలల తర్వాత నా చెయ్యి నాదనిపించింది. పట్టీ వదులవుతుంటే ఏడుపు వచ్చేసింది. పట్టీకేసి వేలు చూపించి, మళ్ళీ అన్నట్టు సైగ చేశాను. ఆ పిల్ల నన్నొకసారి చూసింది. ఎందుకని అడగలేదు. మళ్ళీ కొట్టింది. అది వదులయ్యాక ఇంకోసారి కొట్టింది. కాగితం మీద మాత్రం ఒక్కసారే చూసినట్టు రాసుకుంది.

జూన్

మాట నాలుగో రోజు తిరిగొచ్చింది. మొదట వచ్చిన మాట "నీళ్ళు". తర్వాత మూడు నెలలు మందులు, పరీక్షలు, ప్రశ్నల కాగితాలు, మళ్ళీ అదే వెయిటింగ్ హాలు. నన్ను చూసింది ఒక సూడాన్ డాక్టరమ్మ. నాది ఆటిజం అంది. పుట్టుకతోనే ఉందంది. అది చిన్నపిల్లలకు మాత్రమే ఉంటుందనుకున్నాను అన్నాను.

"ఆ చిన్నపిల్లలు పెద్దవాళ్ళు కారా?" అంది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆటిజం జబ్బు కాదు. దాన్ని దాచడానికి నువ్వు పడిన పాట్లు నీకు జబ్బు చేశాయి."

పడకగది గురించి నన్ను సూటిగా అడిగింది ఆవిడ ఒక్కతే. ఇష్టమా కాదా అని అడగలేదు. ఎక్కడ, ఎలా, ఏ వెలుగులో, ముందే చెబితేనా చెప్పకపోతేనా అని అడిగింది. మనిషి ఆకారం ముందూ వెనకా గీసి ఉన్న కాగితం ఒకటి ఇచ్చి, ముట్టుకుంటే బాగుండేచోట పచ్చ, అడిగి ముట్టుకోవాల్సినచోట పసుపు, వద్దన్నచోట ఎరుపు వెయ్యమంది. నాకు ఇంతకంటే తెలిసిన పని ఏముంది? నాలుగు రోజులు కూర్చుని వేశాను. పక్కన గుర్తుల పట్టిక పెట్టాను. మెడ ఎరుపు. అరిచేతులు పసుపు. రెండు భుజాలూ పచ్చ, "అరచెయ్యి పూర్తిగా ఆనించి, గట్టిగా" అని రాశాను. కింద తారీకు వేసి, మొదటి రివిజన్ అని కూడా రాశాను.

చాలా ఆశగా తీసుకెళ్ళి మా ఆయనకు ఇచ్చాను. మా మధ్య ఏడేళ్ళుగా ఉన్న చిక్కు ఆ కాగితంతో విడిపోతుందనుకున్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంటిది?"

చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"నా పెళ్ళాన్ని ముట్టుకోడానికి నాకు డ్రాయింగ్ కావాలా? మరి అప్పుడు బాగైపోయిందన్నావు కదా. అందరి ముందూ మైకులో చెప్పావు కదా. ఆ మూడు నెలలూ..." అని ఆగిపోయాడు. లెక్క ఆయనకే తేలిపోయింది. "ఆ మూడు నెలలూ నటించావా?"

అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

ఆయన కాగితం నేలకు కొట్టి బయటికి వెళ్ళిపోయాడు. జూన్ ఎండలో విల్లా ప్రహరీ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. ఆయన కోపాన్ని నేను తప్పు పట్టలేను. తన భార్య పళ్ళు బిగబట్టి గీతలు లెక్కపెట్టుకుంటుంటే తను సంతోషపడ్డానని తెలిస్తే, ఏ మంచివాడికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన మంచివాడు కాబట్టే అంత దెబ్బ తగిలింది. ఆ రోజు నుంచి ఆయన హాల్లో పడుకోవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరు

సహవాసంలో నా సాక్ష్యం ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని చూసి ఇంకో అమ్మాయిని, మొగుడి దగ్గర పడుకోనంటోందట, చేతులుంచి ప్రార్థనకు తీసుకొచ్చారు. "శాంతకు బాగవ్వలేదా, నీకూ అవుతుంది" అంటున్నారు. పాత డ్రాయింగ్ చూసి ఇంకో ఇల్లు కడుతున్నారన్నమాట. అది నేను చూస్తూ కూర్చోలేకపోయాను.

శుక్రవారం సాక్ష్యాల వేళ లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. కాగితం మీద రాసుకున్నదే చదివాను. "నవంబరులో నేను చెప్పింది నిజం కాదండి. నాకు నయమవ్వలేదు. ఆ రోజు నేను వణికింది బాధతో. నాది పుట్టుకతో వచ్చిన ఆటిజం. ఎవరినీ ఇలా..."

అక్కడికి వచ్చేసరికి మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన లేచి వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను రాసిన తీరుగానే, అరచెయ్యి పూర్తిగా ఆనించి, గట్టిగా. "చాల్లే శాంతా. ఇంక రా. కూర్చో" అని కిందికి నొక్కాడు. కాళ్ళు మడతపడి మెట్టు మీద కూలబడ్డాను.

అమ్మగారు మైకు తీసుకుని, "మన సోదరి కోసం ఇంకా పట్టుదలగా ప్రార్థన చేద్దాం" అంది. ఆడవాళ్ళు లేచారు. చేతులు చాచుకుని వస్తున్నారు.

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. మైకు దగ్గరలోనే ఉంది, హాలంతా మోగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అందరూ ఆగిపోయారు. భీమవరం నుంచి కూతురి దగ్గరికొచ్చిన ఒక ముసలావిడ మాత్రం చాచిన చేతులు వెనక్కి పెట్టుకుని, "అలాగేలేమ్మా, ముట్టుకోంలే" అంది. కొత్తగా తెచ్చిన ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది. ఆ తర్వాత ఆమెకు ఏమైందో నాకు తెలియదు. మేము మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు.

డిసెంబరు

మా ఆయన ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీ ఇంకో సైటు ఇస్తానంది. వద్దని రాజీనామా చేశాడు. అత్తయ్యగారు రమ్మన్నారట. "వెళ్ళి ఆలోచించుకుంటాను" అన్నాడు. రెండు సూట్‌కేసులూ నేనే సర్దాను. అక్కడ అక్కర్లేని చలికాలం స్వెటర్లు కూడా పెట్టమన్నాడు, మళ్ళీ రావడం లేదని దాంతో అర్థమైంది.

ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళే గేటు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. మనుషులు ట్రాలీలు తోసుకుంటూ పోతున్నారు. ఆయన చెయ్యి సగం ఎత్తి ఆపాడు.

"శాంతా, భుజం పచ్చే కదా?" అన్నాడు. "అరచెయ్యి పూర్తిగా ఆనించి, గట్టిగా. పట్టుకోనా?"

ఏడేళ్ళలో ముట్టుకునే ముందు ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. నేలకు కొట్టిన ఆ కాగితాన్ని ఎప్పుడు తీసి చూశాడో, ఎన్నిసార్లు చూశాడో, నేను రాసిన మాటలతో సహా బట్టీ పట్టాడు. ఊ అంటే చాలు. అర నిమిషం ఓర్చుకోవడం, ఏడేళ్ళుగా చేసిందే. ఆయన ఆ ఒక్కటీ తీసుకుని సంతోషంగా వెళ్ళేవాడు. అనాలనే నోరు తెరిచాను.

"అది జూన్‌లో గీసిందండీ" అన్నాను. "ఇప్పుడు భుజం కూడా ఎరుపే."

సెప్టెంబరులో మైకు దగ్గర నా భుజం నొక్కిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. మొహంలో తెలిసిపోయింది. చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు.

"కొత్తది గీశావా?"

"లేదండీ."

"గీస్తే పంపు" అని, ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడో లేదో తెలియదు, నేను నేలకేసి చూస్తున్నాను.

నెల దాటింది. డాక్టరమ్మను అడిగి ఖాళీ బొమ్మ ఇంకొకటి తెచ్చుకున్నాను. తారీకు వేశాను, రెండో రివిజన్ అని రాశాను. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని బల్లమీద పరిచి, పచ్చ పెన్సిల్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను. ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదు.